ఖాళీ చేయింపులను అడ్డుకున్న మనిషి మేయర్ కుర్చీలో కూర్చున్నాక: బార్సిలోనాలో అడా కొలావ్ ఎనిమిదేళ్లు

వంశధార:

ఇంటి హక్కు కోసం వీధిలో పోరాడిన మనిషి ఎన్నికల్లో నిలబడి, గెలిచి, నగరపాలన చేపడితే ఆ పోరాటానికి బలం చేకూరుతుందా, లేక పోరాటం తన మనిషిని పోగొట్టుకుంటుందా అన్నది నాకు చాలాకాలంగా తేలని ప్రశ్న. దీనిని గాలిలో చర్చించడం కన్నా ఒక్క ఉదాహరణను పట్టుకుని లోతుకు వెళ్లడం మంచిదని భావించి, స్పెయిన్‌లోని బార్సిలోనా నగరానికి 2015 నుంచి 2023 వరకు మేయర్‌గా పనిచేసిన అడా కొలావ్ విషయాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

క్లుప్తంగా పూర్వరంగం ఇది. 2008లో స్పెయిన్ నిర్మాణరంగం కుప్పకూలింది. అంతకుముందు పదేళ్లపాటు బ్యాంకులు అడిగినవారికీ అడగనివారికీ ముప్పై నలభై ఏళ్ల ఇంటి రుణాలు ఇచ్చాయి. పనులు పోయాయి, 2013 నాటికి నిరుద్యోగం 26 శాతం దాటింది. వాయిదాలు తప్పినవారి ఇళ్లు వేలానికి వచ్చాయి. ఆ దశలో, 2009 ఫిబ్రవరిలో, బార్సిలోనాలో కొలావ్ మరికొందరితో కలిసి ఇంటి రుణ బాధితుల వేదికను స్థాపించారు. అక్కడివారు దానిని పొట్టిగా 'లా పా' అంటారు. ఐదేళ్లు తిరగకముందే అది స్పెయిన్ అంతటా 200కు పైగా ఊళ్లలో శాఖలున్న ఉద్యమమైంది. 2014 మే నెలలో ఆమె వేదిక ప్రతినిధి బాధ్యత నుంచి తప్పుకున్నారు, జూన్‌లో నగర ఎన్నికల కోసం కొత్త కూటమిని ప్రకటించారు, 2015 మే 24న జరిగిన ఎన్నికల్లో ఆ కూటమి మొదటి స్థానంలో నిలిచింది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆమె ఎన్నికల్లోకి రావడం తప్పు కాదు, అనివార్యం. అయితే నగరపాలక సంస్థ చేతిలో లేని అధికారాన్ని ఆమె దగ్గర ఉన్నట్టుగా జనం ఊహించుకోవడమే తర్వాతి నిరాశకు మూలం. దీనితో ఏకీభవించనివారు కూడా కారణాలతో రాయాలని కోరుతున్నాను.

కృష్ణలంక:

నేను ముప్పై ఒక్క ఏళ్లు బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. చివరి ఆరేళ్లు వసూళ్ల విభాగంలోనే ఉన్నాను. అందువల్ల రాజకీయం కన్నా ముందు ఆ అప్పు స్వరూపం గురించి తెలుసుకోవాలని ఉంది. ఇల్లు బ్యాంకుకు పోయిన తర్వాత కూడా అక్కడ అప్పు మిగిలి ఉండేదని చదివాను. మన దగ్గర సర్ఫేసీ చట్టం 2002లో వచ్చింది. అరవై రోజుల నోటీసు ఇచ్చి, తర్వాత ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముతారు. అమ్మిన సొమ్ము బాకీకి చాలకపోతే మిగతా మొత్తం కోసం రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి బ్యాంకుకు ఉంటుంది. అంటే మన దగ్గరా ఇల్లు పోతే అప్పు పోయినట్టు కాదు. మరి స్పెయిన్‌లో అంత పెద్ద ఉద్యమం పుట్టడానికి దీనికి మించి ఏముంది?

న్యాయవేదిక:

కృష్ణలంక గారూ, సరైన చోట మొదలుపెట్టారు. ఇల్లు పోయినా అప్పు మిగలడం చాలా దేశాల్లో ఉన్నదే. స్పెయిన్‌లో దానికి తోడు మరో మూడు కలిశాయి.

మొదటిది వేలం పద్ధతి. తాకట్టు చట్టం 1946 నాటిది. వేలంలో ఎవరూ పాట పాడకపోతే, రుణం ఇచ్చినప్పుడు కట్టిన విలువలో సగానికే బ్యాంకు ఆ ఇంటిని తీసుకోవచ్చు. ధరలు పడిపోయి ఉన్న కాలంలో పాట పాడేవారు ఎవరుంటారు? రెండు లక్షల యూరోలుగా లెక్కగట్టి రుణమిచ్చిన ఇంటిని అదే బ్యాంకు లక్షకు తన పేర రాయించుకుని, మిగతా సొమ్ముతో పాటు వడ్డీ, కోర్టు ఖర్చులు కలిపి ఆ కుటుంబం మీద జీవితాంతం బాకీగా ఉంచేది. 2011లో ఆ సగాన్ని 60 శాతానికి, 2013లో సొంత నివాసం విషయంలో 70 శాతానికి పెంచారు. రెండోది, ఒక్క వాయిదా తప్పినా మొత్తం రుణాన్ని ఒక్కసారిగా కట్టమనే షరతు ఒప్పందాల్లో ఉండేది. మూడోది, ఆ షరతు అన్యాయమని జప్తు విచారణలోనే వాదించుకునే వీలు రుణగ్రహీతకు లేదు. వేరే దావా వేసుకోవాలి, అది తేలేలోపు ఇల్లు పోతుంది. ఈ మూడో అంశాన్నే 2013 మార్చి 14న ఐరోపా న్యాయస్థానం తప్పుపట్టింది. మొరాకో నుంచి వచ్చి, బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతంలో స్థిరపడిన ఒక కార్మికుడు వేసిన కేసు అది. వినియోగదారుల రక్షణకు సంబంధించిన 1993 నాటి ఐరోపా ఆదేశానికి స్పెయిన్ జప్తు విధానం విరుద్ధమని తీర్పు వచ్చింది.

మీరు అడిగిన ప్రశ్నకు ఇంకొక మాట కూడా చెప్పాలి. హామీ సంతకాలు చేసింది చాలా చోట్ల తల్లిదండ్రులు. కొడుకు ఫ్లాటుతో పాటు ముసలి తల్లిదండ్రులు ఎప్పుడో అప్పు తీర్చేసుకున్న పాత ఇల్లు కూడా వేలానికి వచ్చేది.

కృష్ణలంక:

హామీ సంతకాల మాట చదివి కొంతసేపు ఏమీ రాయలేకపోయాను. ఒక పెద్దాయన తమ్ముడి కూతురి భర్త కోసం సంతకం పెట్టి, మూడేళ్ల తర్వాత నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు. నోటీసు మీద తన పేరు సరిగా రాయలేదని, దానివల్ల అది చెల్లదేమోనని మాత్రమే అడిగారు. నేను చట్టప్రకారమే నడిచాను. ఆ రోజు ఆయన వెంట మరో పదిమంది వచ్చి ఉంటే నేను వేరేగా మాట్లాడి ఉండేవాడినా అని ఇప్పటికీ ఆలోచిస్తాను.

మధ్యధరా తెలుగు:

నేను 2012లో పరిశోధన విద్యార్థిగా బార్సిలోనా వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. కృష్ణలంక గారి చివరి వాక్యం ఈ ఉద్యమానికి సరిగ్గా ఆయువుపట్టు కాబట్టి, నేను చూసినది కాస్త వివరంగా రాస్తాను.

భాష నేర్చుకునే ఉద్దేశంతో ఒక స్నేహితురాలి వెంట వేదిక వారపు సభకు వెళ్లాను. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల టీ కెటిల్, గోడకు ఆకుపచ్చ చొక్కాలు. అక్కడ ఎవరికీ విడిగా సలహా చెప్పరు. వకీలును పక్కగదిలో కలిసే ఏర్పాటు ఉండదు. కొత్తగా వచ్చినవారు అందరి ముందూ తమ సంగతి చెప్పాలి. జవాబు చెప్పేది నిపుణులు కాదు, అదే దశను ఆరు నెలల కిందట దాటినవారు. ఆ సాయంత్రం యాభై ఏళ్ల పైబడిన ఒక ఈక్వడార్ మహిళ కూరగాయల సంచి ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆ సంచిలో ఉన్నవి కవర్లు. బ్యాంకు నుంచి, కోర్టు నుంచి ఏడాదిగా వచ్చిన కవర్లను ఆమె ఒక్కటి కూడా విప్పలేదు. పక్కన కూర్చున్న తాపీ మేస్త్రీ ఒకాయన వాటిని తేదీల వారీగా నేల మీద పేర్చి, ఒక్కొక్కటి విప్పి పైకి చదవడం మొదలుపెట్టాడు. 'ఇది భయపెట్టడానికి రాసింది. ఇది కూడా అంతే. దీనికి మాత్రం పది రోజుల్లో జవాబివ్వాలి' అని వేరు చేశాడు. ఆమె అప్పటిదాకా తల ఎత్తలేదు. ఆ తర్వాత ఎత్తింది.

అప్పుల్లో పడిన మనిషికి ముందు సిగ్గు, తర్వాతే భయం. అది నా ఒక్కడి తప్పు అన్న భావన ఉన్నంతకాలం ఎవరూ తలుపు తీసి బయటకు రారు. ఆ భావనను పోగొట్టడమే లా పా చేసిన అతి పెద్ద పని అని నేను నమ్ముతాను. ఖాళీ చేయింపులను అడ్డుకోవడం 2010 నవంబరులో కాటలోనియాలోనే ఒక చిన్న ఊరిలో మొదలైంది. కోర్టు సిబ్బంది, బ్యాంకు తరఫు మనిషి, పోలీసులు, పనిముట్ల పెట్టెతో తాళాలు మార్చేవాడు ఉదయం వస్తారు. గుమ్మం ముందు యాభై మంది కూర్చుని ఉంటారు. కోర్టు గుమాస్తా వాయిదా కాగితం రాసి వెళ్లిపోతాడు. ఆ కాగితం చేతికి వచ్చిన క్షణంలో వినిపించే 'సీ సే ప్వేదే', అంటే 'సాధ్యమే' అన్న కేకను విన్నవాళ్లు మరిచిపోరు.

పట్నంవాసి:

చాలా కదిలించేలా రాశారు. కానీ నా సందేహం ఇక్కడే మొదలవుతుంది. ఇంత బలమైన ఉద్యమం చేతిలో ఉండగా ఎన్నికల్లోకి వెళ్లాల్సిన అవసరం ఏమిటి? గుమ్మం ముందు కూర్చుని వాయిదా రాయించగలిగిన మనిషి, మేయర్ అయ్యాక అదే పని చేయడం కుదరదు కదా. ఉద్యమాల నుంచి వచ్చిన నాయకులు పదవిలో కరిగిపోవడం మనం చాలా చూశాం. వేదిక అలాగే ఉండి, అన్ని పార్టీల మీదా ఒత్తిడి తెస్తూ ఉంటే మేలు కాదా?

వంశధార:

అలా ఒత్తిడి తెచ్చే దారిని వారు చివరిదాకా నడిచి చూశారు, పట్నంవాసి గారూ. 'అనివార్యం' అన్న మాటను నేను వాడింది అందుకే.

స్పెయిన్‌లో ఐదు లక్షల సంతకాలు సేకరిస్తే పౌరులే పార్లమెంటు ముందు బిల్లు పెట్టవచ్చు. వేదిక, కార్మిక సంఘాలు, ఇతర సంస్థలు కలిసి సుమారు 14 లక్షల సంతకాలు తెచ్చాయి. బిల్లు కోరింది మూడే: ఇల్లు అప్పగిస్తే అప్పు తీరినట్టు గుర్తించాలి, ఖాళీ చేయింపులు ఆపాలి, ఖాళీ ఇళ్లను తక్కువ అద్దెకు ఇవ్వాలి. 2013 ఫిబ్రవరి 5న పార్లమెంటరీ సంఘం ముందు మాట్లాడే అవకాశం కొలావ్‌కు వచ్చింది. ఆమె కన్నా ముందు బ్యాంకుల సంఘం ప్రతినిధి మాట్లాడి, దేశంలోని తాకట్టు చట్టం చక్కగానే ఉందని వాదించాడు. తన వంతు రాగానే ఆమె, మర్యాదల చట్రాన్ని దాటి, ఆయనను నేరస్థుడిగా పరిగణించాలని సూటిగా చెప్పారు. సంఘం అధ్యక్షుడు మాట వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. ఆ దృశ్యం దేశమంతా చూసింది. వారం రోజుల తర్వాత, అప్పటిదాకా వ్యతిరేకిస్తూ వచ్చిన అధికార పక్షం బిల్లును చర్చకు అనుమతించింది. అయితే మే నెలలో తుదకు వచ్చిన చట్టంలో ఆ మూడు కోరికల సారం లేదు. అప్పటికే ప్రతిపాదకులు ఇది మా బిల్లు కాదని తప్పుకున్నారు.

14 లక్షల సంతకాలు, సర్వేల్లో మెజారిటీ ప్రజల మద్దతు, ఐరోపా న్యాయస్థానం తీర్పు, అదే ఏడాది ఐరోపా పార్లమెంటు ఇచ్చిన పౌర పురస్కారం, ఇవన్నీ చేతిలో ఉన్నా చట్టసభలో చేతులెత్తేవారు లేకపోతే ఏమీ కాదని వారికి అనుభవంలోకి వచ్చింది. ఈ తలుపు ఇక బయటి నుంచి తెరుచుకోదన్న నిర్ధారణ నుంచే ఎన్నికల ఆలోచన పుట్టింది. పదవి మీద మోజుతో పుట్టినది కాదు.

ఎర్రజొన్న:

మాది ఖమ్మం జిల్లా. 2007 భూపోరాటంలో మా ఊళ్లో గుడిసెలు వేసినవారిలో నేనూ ఉన్నాను. ఆ ఏడాది జూలై 28న ముదిగొండలో జరిగిన పోలీసు కాల్పుల వార్త మాకు గుడిసెల దగ్గరే తెలిసింది. అందువల్ల ఈ చర్చను నేను దూరం నుంచి చదవడం లేదు.

నాకు అర్థం కానిది ఒకటుంది. మా దగ్గర జరిగింది ఏమిటంటే, స్థలం కోసం పోరాడేటప్పుడు జనం ఎర్రజెండా కిందికి వచ్చారు. రాత్రిళ్లు కాపలా కాశారు, లాఠీదెబ్బలు తిన్నారు. ఓటు వేసే రోజు వచ్చేసరికి మాత్రం పట్టా ఇప్పించగలిగే పార్టీ ఏదో చూసుకుని అటు వేశారు. నేను వారిని తప్పుపట్టను. ఇంటి పట్టా లేని మనిషి అధికారంలో ఉన్నవారితో వైరం పెట్టుకోలేడు. కానీ పోరాటంలో వచ్చిన నమ్మకం ఓటుగా ఎందుకు మారలేదన్నది పదిహేనేళ్లుగా మా మధ్య నలుగుతున్న ప్రశ్న. మరి బార్సిలోనాలో అది ఎలా మారింది?

మధ్యధరా తెలుగు:

ఎర్రజొన్న గారూ, మీ ప్రశ్న చాలా బరువైనది. నాకు తోచినంతలో చెబుతాను.

వేదిక తనంతట తాను పార్టీగా మారలేదు. ఇది ముఖ్యం. లా పా ఏ పార్టీకీ చెందనిదిగానే మిగిలింది. ఎన్నికల్లో పోటీ చేయదలచినవారు ప్రతినిధి బాధ్యత వదులుకోవాలి. కొలావ్ అలాగే వదులుకుని, ముందు కాగితం మీద తాము చేయదలచినవి రాసి, 30 వేల సంతకాలు వస్తేనే పోటీ చేస్తామన్నారు. ఆ తర్వాతే పాత వామపక్షం, హరిత పక్షం, అప్పుడే పుట్టిన పొదేమోస్ పార్టీ, పేటల సంఘాలవారు కలిసి 'బార్సిలోనా ఎన్ కొము' అనే కూటమిగా ఏర్పడ్డారు. ఎన్నికైనవారు నెలకు 2,200 యూరోలకు మించి జీతం తీసుకోకూడదని, ఎవరిని కలుస్తున్నారో బహిరంగంగా ప్రకటించాలని నియమావళి రాసుకున్నారు.

2015లో ఓటు ఎందుకు వచ్చిందంటే, అప్పటికి ఇళ్లు పోతున్నవారు నిరుపేదలు మాత్రమే కాదు. నోవు బారిస్ వంటి కార్మికుల పేటల్లో ప్రతి మెట్లదారిలో ఒక్కరికైనా ఆ కవరు వచ్చి ఉంది. పైగా అది పురపాలక ఎన్నిక. ఆ మనిషిని వారు టీవీలో చూడటమే కాదు, తమ వీధిలో చూశారు. ఆ ఓటు నిలవలేదన్నది కూడా నిజమే. 2019లో నోవు బారిస్‌లో మొదటి స్థానం సోషలిస్టులకు వెళ్లిపోయింది. మీ ఊళ్లో జరిగినది ఇక్కడ నాలుగేళ్లు ఆలస్యంగా జరిగిందేమో.

పట్నంవాసి:

ఆ తర్వాత సంగతి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఎనిమిదేళ్లలో ఆమె ఏం చేశారు? బార్సిలోనాలో అద్దెలు తగ్గాయా? ఖాళీ చేయింపులు ఆగాయా?

న్యాయవేదిక:

ఆగలేదు. దాచాల్సిన పనేమీ లేదు. కాకపోతే ఏది ఎవరి చేతిలో ఉందో ముందు చూడాలి. తాకట్టు చట్టం, అద్దె ఒప్పందాల చట్టం మాడ్రిడ్‌లోని పార్లమెంటువి. ఖాళీ చేయమనే ఉత్తర్వు న్యాయమూర్తిది. దానిని అమలు చేయడానికి వెంట వచ్చేది కాటలోనియా ప్రాంతీయ ప్రభుత్వ పోలీసు. మేయర్ చేతిలో ఉన్నవి భవన అనుమతులు, లైసెన్సులు, జరిమానాలు, నగరం సొంత స్థలాలు, నగరం సొంత సిబ్బంది.

పైగా ఆమెకు మెజారిటీ లేదు. మొత్తం 41 స్థానాల్లో 11 మాత్రమే ఆమె కూటమివి. ఆమెకు ముందు మేయర్ షవియె ట్రియాస్ పక్షానికి 10. కాటలోనియా స్వాతంత్ర్యం కోరే ఎస్కేర్రా పార్టీవారు ఐదుగురు, సోషలిస్టులు నలుగురు, తీవ్ర వామపక్షం నుంచి ఒకరు ఓటు వేస్తే సరిగ్గా 21 ఓట్లతో జూన్ 13న మేయర్ అయ్యారు. బార్సిలోనాకు తొలి మహిళా మేయర్ ఆమె.

ఆ చేతిలో ఉన్నవాటితో చేసినవి చూద్దాం. పదవి చేపట్టిన నెలలోపే కొత్త హోటళ్లకు అనుమతులు ఆపారు. 2017 జనవరిలో దానిని శాశ్వత ప్రణాళికగా మార్చి, నగర మధ్యభాగంలో పర్యాటక వసతి పెరగకుండా కట్టడి చేశారు. లైసెన్సు లేని పర్యాటక ఫ్లాట్లను ప్రకటిస్తున్నందుకు 2016లో ఎయిర్‌బిఎన్‌బి, హోమ్‌అవే సంస్థలకు చెరి ఆరు లక్షల యూరోల జరిమానా విధించారు. ఖాళీ చేయించే ఉత్తర్వు వచ్చిన ఇంటికి నగరపాలక సిబ్బంది ముందే వెళ్లి యజమానితో మాట్లాడే ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచారు. ఆ విభాగం చాలా వాయిదాలు, రాజీలు సాధించింది. సాధించలేని చోట కుటుంబం సామాను ఫుట్‌పాత్ మీదికి వచ్చింది, ఆ పక్కన నిలబడింది కూడా నగరపాలక సిబ్బందే.

2018 డిసెంబరు నాటి 30 శాతం నిబంధన గురించి విడిగా చెప్పాలి. 600 చదరపు మీటర్లు దాటిన కొత్త నిర్మాణాల్లోనూ, పెద్ద మరమ్మతుల్లోనూ 30 శాతం ఇళ్లను అందుబాటు ధరకు కేటాయించాలన్నది ఆ నిబంధన. ఉద్దేశం గొప్పది. అయితే అది అమల్లోకి వచ్చే ముందే నిర్మాణదారులు పాత నిబంధనల కింద అనుమతుల కోసం వరుసకట్టారు, ఆ తర్వాత ఆ పరిమాణానికి లోబడి కట్టడమో, ఊరి వెలుపలికి వెళ్లడమో చేశారు. ఆశించినన్ని ఇళ్లు రాలేదు. దీనిని నేను ఆమె పాలనలో అతి పెద్ద పాఠంగా చూస్తాను: స్థలం నగరానిది కానప్పుడు ప్రైవేటు నిర్మాణదారు మీద షరతు పెట్టి పేదల ఇళ్లు రాబట్టడం చాలా నెమ్మదైన దారి.

ఆకాశగంగ:

న్యాయవేదిక గారు చెప్పిన ఆఖరి మాటకు నేను ఆస్ట్రియా నుంచి ఒక పోలిక చేరుస్తాను, ఎందుకంటే మేము కొంతకాలం గ్రాజ్ నగరంలో నివసించాం.

గ్రాజ్‌లో 2021 నవంబరులో ఎల్కే కార్ మేయర్ అయ్యారు. ఆమె కమ్యూనిస్టు పార్టీ సభ్యురాలు. ఆ సెప్టెంబరు ఎన్నికల్లో ఆ పార్టీకి దాదాపు 29 శాతం ఓట్లు వచ్చి మొదటి స్థానం దక్కింది. ఆ దేశ పార్లమెంటులో ఒక్క స్థానం కూడా లేని పార్టీ అది. దీని వెనుక నలభై ఏళ్ల పని ఉంది. పార్టీలో ఆమెకు ముందున్న ఎర్నెస్ట్ కల్టెనెగర్ 1981లో నగర సభలోకి వచ్చాక, అద్దెదారుల కోసం ఒక టెలిఫోను నంబరు పెట్టి, ఇంటి యజమాని బెదిరిస్తున్నాడన్నా, గోడకు బూజు పట్టిందన్నా తానే వెళ్లి చూసేవారు. నగరపాలక ఇళ్లలో ఉండేవారి అద్దె వారి ఆదాయంలో మూడోవంతు దాటకూడదన్న నియమాన్ని పోరాడి సాధించారు. ఇద్దరూ తమ జీతంలో ఒక కార్మికుడి వేతనమంత ఉంచుకుని, మిగతాది సహాయం కోసం వచ్చినవారికి ఇచ్చి, ఏటా ఆ లెక్కను ప్రజల ముందు పెట్టారు.

కొలావ్ ఉద్యమంలో ఎదిగి, ఉద్యమాన్ని వదిలి, ఏడాదిలో మేయర్ అయ్యారు. కార్ విషయంలో వదలడమనేది లేదు. పార్టీ కార్యాలయమే అద్దెదారుల సలహా కేంద్రం, మేయర్ అయ్యాక కూడా ఆమె గదిలోకి జనం అదే పనిమీద వస్తారు. ఎర్రజొన్న గారి ప్రశ్నకు జవాబు ఇందులో ఎంతో కొంత ఉందనుకుంటాను. పోరాటం ఒక పూట, ఎన్నిక ఒక పూట అయితే మధ్యలో జనం జారిపోతారు. ఆ రెండింటి మధ్య రోజువారీ పని ఉన్నచోట ఓటు నిలుస్తుంది.

ఎర్రజొన్న:

మీ మాట మనసుకు తగిలింది. గుడిసెలకు కరెంటు మీటరు ఇప్పించడానికి, రేషన్ కార్డు మార్పించడానికి మా దగ్గర మొదటి రెండేళ్లు ఒక కార్యకర్త రోజూ వచ్చేవాడు. ఆయన అనారోగ్యం పాలయ్యాక ఆ పని చేసేవారు లేకపోయారు. మా బస్తీలో ఓటు పోయింది ఆ తర్వాతే.

పట్నంవాసి:

నా అభిప్రాయాన్ని కొంత సవరించుకుంటున్నాను. అయినా రెండు విషయాలు నన్ను ఇబ్బంది పెడుతున్నాయి. 2019లో ఎస్కేర్రా పార్టీ ఆమె కన్నా ఐదు వేలకు కాస్త తక్కువ ఓట్లు ఎక్కువ తెచ్చుకుంది, ఇద్దరికీ పదేసి స్థానాలు. అప్పుడు ఆమె సోషలిస్టుల మద్దతుతో పాటు, ఫ్రాన్స్ మాజీ ప్రధాని మానుయెల్ వాల్స్ జట్టులోని ముగ్గురి ఓట్లు స్వీకరించి మళ్లీ మేయర్ అయ్యారు. వాల్స్ ఆమె రాజకీయాలకు పూర్తి వ్యతిరేకి. రెండోది, రెండు దఫాలకు మించి పదవిలో ఉండకూడదని తాము రాసుకున్న నియమాన్ని, మూడోసారి పోటీ కోసం సభ్యుల ఓటుతో సడలించుకున్నారు. న్యాయ నియమాలను బ్యాంకులకు నేర్పిన మనిషి తన నియమాన్ని నిలుపుకోవద్దా?

వంశధార:

రెండో విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ సడలింపు ఆమె చేసిన పొరపాటే. నియమాన్ని నిలుపుకుని కొత్తవారిని ముందుకు తెచ్చి ఉంటే గెలుపు వచ్చినా రాకపోయినా ఆ కూటమి మాటకు విలువ మిగిలేది. 2023లో ఆమె మూడో స్థానానికి పడిపోయారు. రెండో స్థానంలో ఉన్న సోషలిస్టులకూ ఆమెకూ తేడా 150 ఓట్ల లోపు. చివరికి ట్రియాస్ రాకుండా ఆపడానికి సోషలిస్టు అభ్యర్థి జౌమె కొల్బోనికి తన కూటమి ఓట్లు ఇచ్చారు. 2024 అక్టోబరులో నగర సభ నుంచి కూడా తప్పుకున్నారు.

మొదటి విషయంలో మాత్రం నేను ఆమె పక్షమే. వాల్స్ జట్టు ఓట్లకు ఆమె ఏమీ ఇవ్వలేదు, ఒప్పందం చేసుకోలేదు. ఆ ఓట్లు వద్దని తిరస్కరించి ఉంటే, హోటళ్ల కట్టడి, 30 శాతం నిబంధన, ఖాళీ చేయింపుల విభాగం ఎవరి చేతిలోకి వెళ్లేవో ఆలోచించండి.

మధ్యధరా తెలుగు:

ఇంతసేపు ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. ఆమె మేయర్ అయిన మరుసటి నెలలోనే, 2015 జూలైలో, కాటలోనియా పార్లమెంటు 24/2015 అనే చట్టాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. పెద్ద ఎత్తున ఇళ్లున్న బ్యాంకులు, కంపెనీలు ఒక నిరుపేద కుటుంబాన్ని ఖాళీ చేయించే ముందు తక్కువ అద్దెకు అదే ఇల్లు ఇవ్వజూపాలని, కట్టలేనివారి కరెంటు, నీరు, గ్యాసు ఆపకూడదని అందులో ఉంది. దానిని తెచ్చింది కొలావ్ కాదు. లా పా, ఇంధన పేదరికానికి వ్యతిరేకంగా పనిచేసే కూటమి సంతకాలు సేకరించి తెచ్చాయి. అంటే ఆమె వెళ్లిపోయాక కూడా వేదిక నిలిచింది, గెలిచింది. ఆ చట్టంలో కొంత భాగాన్ని రాజ్యాంగ న్యాయస్థానం కొంతకాలం నిలిపివేసింది, తర్వాత అది తిరిగి అమల్లోకి వచ్చింది.

అదే సమయంలో సమస్య రూపం మారిపోయింది. ఇప్పుడు బార్సిలోనాలో ఖాళీ చేయింపుల్లో ఎక్కువ భాగం ఇంటి రుణాలవి కాదు, అద్దెలవి. 2017లో అద్దెదారుల సంఘం ఇక్కడ పుట్టింది. ఆ సంఘం కదిలించగా వచ్చిన కాటలోనియా అద్దె నియంత్రణ చట్టాన్ని 2020లో చేస్తే, 2022లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ అధికారం ప్రాంతీయ ప్రభుత్వానికి లేదని కొట్టివేసింది. 2023 మే నెలలో మాడ్రిడ్ పార్లమెంటు స్వయంగా గృహ చట్టం చేశాక, దాని కింద కాటలోనియాలో అద్దె పరిమితి మళ్లీ వచ్చింది. 2028 నవంబరు తర్వాత నగరంలోని సుమారు పదివేల పర్యాటక ఫ్లాట్లలో ఒక్కదానికీ లైసెన్సు పొడిగించబోమని ప్రకటించింది కొలావ్ తర్వాత మేయర్‌గా వచ్చిన కొల్బోనియే. పదేళ్ల కిందట ఆమె హోటళ్లను ఆపినప్పుడు దానిని పిచ్చితనమన్న పత్రికలు ఇప్పుడు ఆ మాట అనడం లేదు.

నాకు వ్యక్తిగతంగా అన్నిటికన్నా ఎక్కువ నచ్చినది మాత్రం చిన్నది. కాన్ బట్యో అనే పాత బట్టల మిల్లు ప్రాంగణం పక్కన నగరపాలక స్థలంలో 28 ఇళ్ల సహకార భవనం ఉంది, పేరు లా బోర్దా. స్థలం నగరానిది, ఇల్లు సహకార సంఘానిది, నివసించే హక్కు సభ్యులది. దానిని అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు. ఎక్కువగా చెక్కతో కట్టారు. మధ్య నడవాలో ఉమ్మడి వంటగది, బట్టలు ఉతికే గది. ఆ నమూనాలో ఇళ్లు కట్టుకోవడానికి ఆమె పాలనలో మరిన్ని స్థలాలు ఇచ్చారు. సంఖ్యలో అవి కొద్దివే. నగరంలోని మొత్తం ఇళ్లలో ప్రభుత్వ అద్దె ఇళ్లు సుమారు 2 శాతం దగ్గరే ఉన్నచోట, ఎనిమిదేళ్లలో దానిని, ప్రభుత్వ ఇళ్లకు పేరుపడ్డ వియన్నాలా చేయడం ఎవరివల్లా కాదు.

కృష్ణలంక:

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నాకు రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒక్క వాయిదా తప్పినా మొత్తం కట్టమనే ఆ షరతు ఇప్పటికీ ఉందా? మధ్యధరా తెలుగు గారూ, కూరగాయల సంచిలో కవర్లు తెచ్చుకున్న ఆ తల్లి అప్పు చివరికి ఏమైంది?

న్యాయవేదిక:

మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. ఆ షరతు లేదు. 2013లో మూడు వాయిదాలకు మార్చారు. 2019లో వచ్చిన 5/2019 చట్టం ప్రకారం, రుణ కాలంలో మొదటి సగంలో అయితే 12 నెలల వాయిదాలు లేదా రుణంలో 3 శాతం, రెండో సగంలో అయితే 15 నెలలు లేదా 7 శాతం బకాయి పడితేనే మొత్తాన్ని ఒక్కసారిగా అడగాలి. ఇల్లు అప్పగిస్తే అందరికీ అప్పు తీరినట్టేనన్న అసలు కోరిక మాత్రం చట్టంగా రాలేదు. 2012 నాటి సత్ప్రవర్తన నియమావళి కింద అత్యంత నిరుపేదలకు కొన్ని షరతులతో ఆ దారి దొరికింది. మిగతావారు బ్యాంకుతో బేరమాడి సాధించుకోవాల్సిందే.

మధ్యధరా తెలుగు:

ఆమె అలాగే బేరమాడి సాధించుకుంది. రెండున్నరేళ్లు పట్టింది. బ్యాంకు శాఖకు ఆమె ఒంటరిగా ఎప్పుడూ వెళ్లలేదు. ప్రతిసారీ ఎనిమిది పదిమంది ఆకుపచ్చ చొక్కాలతో వెంట వెళ్లి, మేనేజరు గది బయట కూర్చునేవారు. నేను రెండుసార్లు వెళ్లాను. చివరికి ఫ్లాటు బ్యాంకుకు ఇచ్చి, అప్పు పూర్తిగా రద్దయినట్టు కాగితం తీసుకుంది. ఇల్లు దక్కలేదు. ఇప్పుడు కూతురితో కలిసి శాంత్ ఆంద్రెయు పేటలో అద్దెకు ఉంటోంది. కిందటి ఏడాది అద్దె ఒప్పందం పొడిగింపు కాగితం వచ్చినప్పుడు, ఆ కవరును ఆమె అదే రోజు విప్పి చదివి, నాకు ఫొటో తీసి పంపింది. మూడో పేరాలో పెంపు శాతం చట్టపరిమితిని దాటి ఉందని తనే గుర్తించి, పెన్నుతో గీత గీసి ఉంచింది.